ఒక్క ఊపిరిలో తిట్టు

మా వదినకు ఆసుపత్రిలో పెట్టిన పేరు తిట్లక్క. అలాగని ఆవిడ ఎవరినీ తిట్టదు, తిట్టిస్తుంది. ఊపిరితిత్తుల వార్డులో నర్సు. ఆయాసంతో వచ్చినవాళ్ళను మంచం మీద నిటారుగా కూర్చోబెట్టి, ముక్కూ నోరూ కప్పేలా మాస్కు తగిలించి, దాని కింద ఉండే చిన్న కప్పులో మందు పోసి మిషను వేస్తుంది. మందు తెల్లటి ఆవిరై మాస్కులోకి వస్తుంది. అదంతా పీల్చుకున్నాక వీపుకు స్టెతస్కోపు ఆనించి వింటుంది. ఆ తర్వాత అడుగుతుంది: "మీకు బాగా మంటగా ఉన్న మనిషి ఎవరో చెప్పండి. ఆ మనిషిని ఒక్క ఊపిరిలో తిట్టండి, చూద్దాం."

ఊపిరి ఏ మాత్రం ఆడుతోందో తెలుసుకోవడానికి ఆసుపత్రుల్లో ఎవరైనా మాట్లాడించే చూస్తారు. కానీ పేరేమిటి, వయసెంత అని అడిగితే జనం ముక్తసరిగా చెప్పి ఊరుకుంటారట. తిట్టమంటే మాత్రం లోపల ఉన్న గాలంతా బయటికొస్తుందట. ఒక పెద్దాయన అల్లుణ్ణి తిట్టడం మొదలుపెట్టి, పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నా ఆపలేదు. "ఈయనకేం ఢోకా లేదు, ఇంటికి పంపించెయ్యండి" అందట వదిన.

ఈ సంగతి తెలియక నేను చాలాకాలం వదిన మీద పళ్ళు నూరాను. అన్నయ్య లారీ డ్రైవరు, ఇంటిపట్టున ఉండేది తక్కువ. నేను ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. లోపలి గదిలో అమ్మ. ఆవిడకు ఎప్పటినుంచో ఆయాసం. వదిన డ్యూటీ నుంచి వచ్చి, సంచి భుజాన ఉండగానే, గుమ్మంలోంచి ఏదో ఒకటి అనేది. "అత్తయ్యా, మీ పాత దుప్పటి పారేశాను" అనో, "మీ అబ్బాయి బద్ధకం మీ నుంచే వచ్చిందంటున్నారు" అనో. అమ్మ అందుకునేది. వదిన తల వంచుకుని చివరిదాకా వినేది. కావాలని గిల్లి కయ్యం పెట్టుకోవడం ఏమిటని ఒకరోజు నిలదీశాను.

"మరేం చెయ్యనే? స్టెతస్కోపు తెస్తే దగ్గరికి రానివ్వదు. తిట్టు మధ్యలో ఎన్నిసార్లు ఆగుతుందో చూసుకుంటున్నా" అంది.

ఆ రోజు నుంచి నాకు పట్టుకుంది భయం. అమ్మ గొంతు లేవగానే మిషను ఆపి వినేదాన్ని. తిట్టు ఎక్కడ తెగినా లేచి లోపలికి తొంగిచూసేదాన్ని.

అమ్మకు పీల్చే మందంటే పడదు. ఒకసారి మూతికి తగిలించుకుంటే ఇక చచ్చేదాకా వదలదని ఆవిడ గట్టి నమ్మకం. ఆవిరి మిషను ఇంటికి కొంటానని వదిన అంటే, దాన్ని గుమ్మం తొక్కనివ్వనంది. ఆఖరికి రోజూ పొద్దున, సాయంత్రం ఇన్‌హేలరు పీల్చడానికి మాత్రం ఒప్పుకుంది. ఆవిడ గదిలోంచి పుస్సుమని చప్పుడు వినపడితే వంటింట్లో వదిన హమ్మయ్య అనుకునేది, ముందు గదిలో నేనూ అనుకునేదాన్ని.

పక్క వాటాలో గోడలకు రంగులేస్తున్న రోజది. ఆ వాసన మా ఇంటినిండా కమ్ముకుంది. పొద్దుటినుంచీ అమ్మ ఊపిరి తీస్తుంటే ఒకటే పిల్లికూతలు. కిటికీలన్నీ మూశాను, వేడినీళ్ళు తాగించాను. మధ్యాహ్నం భోజనాలవేళకు కూతలు ఆగిపోయాయి. పోనీలే, తగ్గింది అనుకుని కుట్టుపనిలో కూర్చున్నాను.

వదిన ఆ రోజు తొందరగా వచ్చింది. గుమ్మంలో ఆగి, "ఏంటి, ఇంత నిశ్శబ్దంగా ఉంది?" అంది.

"అమ్మకి తగ్గింది వదినా. పొద్దున ఎంత కూతలో! ఇప్పుడు అస్సలు లేవు."

వదిన ముఖం పాలిపోయింది. నన్ను నెట్టుకుంటూ లోపలికి పరుగెత్తింది.

అమ్మ మంచం అంచున, మోకాళ్ళ మీద చేతులు ఊని ముందుకు వంగి ఉంది. భుజాలు పైకి లేస్తున్నాయి, మెడ దగ్గర గుంట పడుతోంది. చప్పుడు మాత్రం లేదు. పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి.

"అత్తయ్యా, మీ అమ్మాయి కుట్టిన జాకెట్లు ఎవరికీ సరిపోవట్లేదట" అంది వదిన. ఆ మాట అన్నవాళ్ళను అమ్మ ప్రాణాలతో వదలదు. తల ఎత్తి చూసింది. "పో" అంది. అంతే.

వదిన అమ్మ వీపుకు చెవి ఆనించింది. "గాలి లోపలికి పోవట్లేదే. పోతేనేగా కూత పుట్టేది! ఆటో పిలువు!"

"పొద్దున మందు పీల్చింది వదినా, నేను విన్నాను..."

"విన్నావు. చూశావా?"

నేను రోడ్డు మీదికి పరుగెత్తాను.

ఆటోలో అమ్మ మా ఇద్దరి మధ్య. వదిన సంచిలోంచి వెంటనే పనిచేసే ఇన్‌హేలరు తీసి, పొడుగాటి గొట్టానికి తగిలించి అమ్మ నోటికి పెట్టింది. ఒక పుస్సు, ఆగి మరో పుస్సు. అమ్మ తల నా భుజం మీదికి వాలిపోతోంది.

"నిద్రపోనివ్వకు, గిల్లు! అత్తయ్యా, తిట్టండి. నన్ను తిట్టండి అత్తయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటా!"

అమ్మ తిట్టలేదు. మా అమ్మ నోరు మూతపడాలని నేను కోరుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఆ రోజు తిట్టమని నేనూ బతిమాలాను.

ఎమర్జెన్సీ గదిలో ఆక్సిజన్ పెట్టారు, నరానికి సూది గుచ్చారు. వదిన అలవాటుగా మందు కప్పు అందుకుంది. మూత తియ్యకుండానే మందు పొయ్యబోయింది. డాక్టరమ్మ మెల్లిగా ఆ కప్పు తీసుకుంది.

"ఇవాళ నువ్వు నర్సువి కాదమ్మా, కోడలివి. అక్కడ నిలబడు."

మరో నర్సు మాస్కు పెట్టింది. తెల్లటి ఆవిరి అమ్మ ముఖాన్ని కప్పేసింది. డాక్టరమ్మ ఛాతీ మీద విని, తల అడ్డంగా ఊపింది. "కాసేపు చూద్దాం. దారికి రాకపోతే గొంతులో గొట్టం వేసి ఊపిరాడించే మిషను మీద పెట్టాలి."

గోడకానుకుని నిలబడ్డాం. వదిన గోళ్ళు నా చేతిలోకి దిగబడుతున్నాయి. ఆవిరి మిషను బుర్రుమంటోంది తప్ప అమ్మ దగ్గర్నుంచి ఏ చప్పుడూ లేదు. అమ్మ పోతే అన్నయ్యకు ఏమని ఫోన్ చెయ్యాలి? మొదటి మాట ఏమనాలి? అదే ఆలోచిస్తూ ఉన్నాను. కప్పులో మందు అయిపోతే మళ్ళీ పోశారు.

అప్పుడు వినపడింది. మూసిన తలుపు సందులోంచి గాలి దూరినట్టు సన్నగా, గీసినట్టు, ఒక పిల్లికూత.

"కూత వస్తోంది" అంది డాక్టరమ్మ. వదిన గోడవెంట జారి నేల మీద కూలబడి భోరుమంది. ఇన్నేళ్ళు ఏ కూతను ఆపాలని చూశామో, అదే కూత విని ఏడ్చాం ఇద్దరం.

ఎప్పటికో అమ్మ కళ్ళు తెరిచి వదినను వేలితో పిలిచింది. మాస్కు పక్కకు లాగి, "నా కూతురు... కుట్టిన..." అని ఆగిపోయింది.

వదిన మాస్కు సరిచేసింది. "రెండు మూడు మాటలే వస్తున్నాయి. అప్పుడే వార్డుకి పంపకండి మేడం."

మర్నాడు ఎండ వార్డు కిటికీలోకి వచ్చాక అమ్మ దిండుకు ఆనుకుని కూర్చుంది. వదిన కనపడగానే, "నా కూతురు కుట్టిన జాకెట్టుకి వంక పెట్టడానికి నీకు నోరెలా వచ్చిందే, ముందు నీ ఒంటి మీదున్నది ఎవరు కుట్టారో చూసుకుని మాట్లాడు!" అంది. ఎక్కడా ఆగలేదు. పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు.

"ఇంకోసారి అనండత్తయ్యా" అంది వదిన, కళ్ళు తుడుచుకుంటూ.

"కిటికీలోంచి బయటికి కొట్టేదాన్నే మందు" అంది అమ్మ, ముఖం అటు తిప్పుకుని. "మీరు చప్పుడు విని ఊరుకునేవారు."

ఇప్పుడు వదిన ఎదురుగా నిలబడి చూస్తుంటేనే మందు పీలుస్తుంది. సాయంత్రం వదిన చెప్పుల చప్పుడు వినపడగానే, గిల్లించుకోకుండానే తిట్టు ఎత్తుకుంటుంది. నా కాలు మిషను మీద ఆగిపోతుంది. అది పూర్తయ్యేదాకా నేనూ ఊపిరి తీసుకోను.

నిన్న తిట్టు మధ్యలో తెగింది. వదిన సంచి గుమ్మంలోనే పడిపోయింది. ఒకరినొకరు తోసుకుంటూ లోపలికి పరుగెత్తాం. అమ్మ నోరు తెరుచుకుని పైకప్పు వంక చూస్తోంది.

"ఉండండే, తర్వాతి మాటేదో నోట్లోనే ఉంది, గుర్తు రావట్లేదు" అంది.

వదిన వంగి, అమ్మ వీపుకు చెవి ఆనించింది. వద్దనే ఊపిరి ఉండి కూడా అమ్మ మొదటిసారి వద్దనలేదు.