తేలిగ్గా ఊడొచ్చిన ఇటుకలు

నలభై ఏళ్లు తాపీ పట్టినా ఆయన గోడ ఒక్కటీ వంకర పోలేదు. అందుకే అందరూ ఆయన్ని నిలువు మేస్త్రి అనేవారు. అసలు పేరు పెట్టినవాళ్లు పోయారు, ఆ పేరుతో పిలిచేవాళ్లూ మిగల్లేదు. మోకాళ్లు మొరాయించి పని మానేశాక కూడా బుద్ధి మాత్రం మానలేదు. ఎవరింటికెళ్లినా మనిషిని పలకరించకముందే గోడ మూలలు చూసేవాడు. చూసి ఊరుకుంటే బాగుండును, పెదవి కూడా విరిచేవాడు.

ఆయనకున్నది ఒక్కతే కూతురు. ఆసుపత్రిలో నర్సు, కాపురం రెండు వీధుల అవతల. రోజూ సాయంత్రం డ్యూటీ దిగి, ముందు తండ్రి ఇంటికే వచ్చేది. చెప్పులు గడప బయట విడిచి, గచ్చు మీద కాళ్లు చాపుకుని కూర్చునేది. "ఈ గచ్చు చల్లదనం ఇంకెక్కడా లేదు నాన్నా" అనేది. తల్లి పోయిన ఆరేళ్లలో ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు.

ఒకరోజు అలా కూర్చునే అసలు సంగతి చెప్పింది.

"కొత్త గది కోసం మా ఆసుపత్రి వెనక గోడ పడగొడుతున్నారు నాన్నా. ఆ ఇటుకలతో పెరట్లో ఎత్తు మళ్లు కట్టిద్దామని మా డాక్టరమ్మని ఒప్పించాను. నడుం వంగని ముసలాళ్లు కూడా మడి అంచున కూర్చుని ఆకుకూరలు వేసుకుంటారు. ఖర్చు లేని పని. నువ్వే వచ్చి కట్టాలి. ఆ గోడ నువ్వు కట్టిందేగా."

మేస్త్రి చూపు గచ్చు మీదకి దించుకున్నాడు. "చూద్దాంలే" అన్నాడు. కూతురు అడిగితే ఆయన ఎన్నడూ చూద్దాంలే అనలేదు. అదైనా పట్టించుకోవాల్సింది ఆ పిల్ల, పట్టించుకోలేదు.

మర్నాడు వెళ్లక తప్పలేదు. ఆసుపత్రి తోటమాలి అప్పటికే గునపం పట్టుకుని ఉన్నాడు. ఇద్దరూ ఒక ఈడువాళ్లు, ఒకరినొకరు దెప్పుకోకపోతే అన్నం అరగని రకం.

సరిగ్గా కట్టిన గోడని పడగొట్టడమంటే మాటలు కాదు. సమ్మెట విరుగుతుంది, నడుం విరుగుతుంది, ఇటుకల్లో సగం ముక్కలవుతాయి. ఇటుకలకి పట్టిన సిమెంటు మాలు వదిలించాలంటే ఉలి కావాలి. ఈ గోడ మాత్రం పై పూత రాలగానే గునపం మొన తగిలితే చాలు, వరసలు వరసలుగా దిగొచ్చింది. తోటమాలి రెండు ఇటుకలు తీసి ఒకదానికొకటి తట్టాడు. మాలంతా పొడిపొడిగా రాలిపోయి ఇటుకలు కొత్తవాటిలా తేలాయి.

"భలే ఊడొస్తున్నాయి మేస్త్రీ. అంతా నీ చేతి చలవ" అన్నాడు.

మేస్త్రికి దొంగకు తేలు కుట్టినట్టయింది. కింద రాలిన మాలు కొంచెం తీసి వేళ్ల మధ్య నలిపాడు. ఉత్త ఇసుక. ఎందుకు నలిపాడో మరి, తెలియనట్టు!

ఆ గోడ కట్టిన ఏడు కూతురు పాకే పిల్ల. ఇంట్లో మట్టి నేల ఎప్పుడూ చెమ్మగా ఉండేది. పిల్లకి పడిశం, ఆయాసం. నేల పొడిగా ఉంచమన్నారు వైద్యులు. మేస్త్రి రెండు తట్టల సిమెంటు పడాల్సిన చోట ఒకటే వేయించాడు. మిగిలిన బస్తాలు సైకిల్ మీద ఒక్కొక్కటే ఇంటికి చేరాయి. ఎవరి కంటా పడకుండా గోడ పైపూత మాత్రం దండిగా పెట్టాడు. అడిగితే ఆ నాలుగు బస్తాలూ ఇచ్చేవాళ్లేమో. ఆయన అడగలేదు. పిల్ల ఆ గచ్చు మీదే నడక నేర్చింది.

"ఇంత తేలిగ్గా ఊడుతున్నాయేంటి నాన్నా?" అంది కూతురు, మధ్యలో ఒకసారి వచ్చి చూసి.

"పాత గోడ కదమ్మా" అన్నాడు. కూతురితో అబద్ధమాడటం ఆయనకి అదే మొదటిసారి.

మళ్లు కట్టడం మొదలైంది. చెయ్యి చాపితే మడి మధ్యకి అందేంత వెడల్పు, మోకాలు దాటిన ఎత్తు. గోడ ఇటుక పొడవంత మందం. కింది వరసలో నీళ్లు పోవడానికి అక్కడక్కడా సందు. అతుకు మీద అతుకు పడకుండా పైవరసలు. లోపల పాత గోనెసంచులు పరిచి, అడుగున ఇటుక ముక్కలు, పైన ఎండుటాకులు, ఆపైన మట్టీ ఎరువూ. మాలు అక్కర్లేదు, ఇటుక బరువే ఇటుకని పట్టుకుంటుంది.

"సిమెంటు లేకుండా కట్టే విద్య నీకెక్కడ అబ్బింది మేస్త్రీ?" అన్నాడు తోటమాలి.

ఆయన ఏదో వేళాకోళానికి అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు మేస్త్రి చేతిలో ఇటుక జారి కాలి మీద పడింది. నొప్పి తెలియలేదు. సిగ్గే తెలిసింది.

అసలు భయం వేరే ఉంది. ఆసుపత్రి ముందున్న ప్రహరీ గోడ కూడా ఆ ఏడు ఆ మాలుతోనే కట్టాడు. దాని నీడలో పొడవాటి బల్ల. పిల్లల్ని చంకనేసుకుని తల్లులు పొద్దున్నుంచీ అక్కడే కూర్చుంటారు. మేస్త్రి ఆ బల్లని రెండుసార్లు జరిపించాడు. నీడ కోసం జనం రెండుసార్లూ మళ్లీ వెనక్కి జరుపుకున్నారు. చెబితే మాట పోతుంది, కూతురి దగ్గర మొహం పోతుంది. చెప్పకపోతే ఏం పోతుందో తలుచుకోలేకపోయాడు.

మూడో రోజు మళ్లు పూర్తయ్యాయి. కూతురు డాక్టరమ్మనీ తోటి నర్సుల్నీ వెంటేసుకొచ్చింది. "మా నాన్న పనితనం చూడండి. ఆ ముందు గోడ చూడండి, ఇన్నేళ్లయినా చెక్కుచెదరలేదు" అంది.

అందరూ అటు చూశారు. బల్ల మీద ఒకామె గోడకి వీపు ఆనించి పిల్లవాడిని ఊపుతోంది. ఊపినప్పుడల్లా వీపు గోడకి తగులుతోంది.

మేస్త్రి కుంటుకుంటూ అక్కడికి పోయాడు. "లేమ్మా, ఇక్కడ కూర్చోకు. లోపలికెళ్లు తల్లీ" అన్నాడు. ఆమె లేచి నాలుగడుగులు వేసేదాకా ఆగి, కూతురి వైపు తిరిగాడు.

"ఆ గోడలో ఉండాల్సిన సిమెంటు లేదమ్మా. వెనకదాన్లోనూ లేదు. నేనే తీశాను."

"తీసి ఏం చేశావు?"

"మనింటి గచ్చు."

ఆమె బల్ల దగ్గరికి నడిచింది. బల్ల ఒక చివర తను పట్టుకుని, రెండో చివర తోటమాలిని పట్టమంది. ఇద్దరూ దాన్ని వరండాలోకి చేర్చారు. తర్వాత లోపలికెళ్లి గాజుగుడ్డ చుట్ట తెచ్చి, గోడ దగ్గరికి ఎవరూ పోకుండా ఈ చెట్టు నుంచి ఆ స్తంభం దాకా అడ్డం కట్టింది. ఆమె ముడి వేస్తున్నంతసేపూ మేస్త్రి తల ఎత్తలేదు. "ఇప్పటికైనా చెప్పారు, అంతే చాలు" అంది డాక్టరమ్మ మెల్లగా. ఆ మంచి మాటకి ఆయన ఇంకా కుంగిపోయాడు.

ముందు గోడని మర్నాడే దింపేశారు. ఆ ఇటుకలూ అంతే తేలిగ్గా ఊడొచ్చాయి. తోటమాలి ఈసారి ఏమీ అనలేదు, అంటే బాగుండుననిపించింది మేస్త్రికి. ఇంకో నాలుగు మళ్లకి సరిపడా ఇటుకలు తేలాయి. అవీ మేస్త్రే కట్టాడు.

గోడ దింపిన రోజు సాయంత్రం కూతురు వస్తుందనుకోలేదు. వచ్చింది. గడప బయట నిలబడింది. చెప్పులు విడవలేదు.

"లోపలికి రా అమ్మా."

ఆమె గచ్చు వైపు చూసింది. తను నడక నేర్చిన నేల, ఎక్కడా చిన్న బీట కూడా లేదు.

"మంచినీళ్లు ఇక్కడికే తెచ్చివ్వు నాన్నా" అంది.

తెచ్చి ఇచ్చాడు. ఆమె నిలబడే తాగి, గ్లాసు ఆయన చేతికిచ్చి వెళ్లిపోయింది.