నిండుకున్న నూలు

ముప్ఫై ఏళ్ళు దాటింది. ఒక తెలుగు మాటకు తప్పుడు అర్థం ఒప్పుకుని, దాన్ని మోస్తూ తిరుగుతున్నాను. వినడానికి నవ్వులాటగా ఉంటుంది. మాటకు అర్థం తప్పు చెబితే పరీక్షలో ఒక మార్కు పోతుంది, అంతేగా అనుకుంటారు మీరు. నేనూ అలాగే అనుకుందామని చాలాకాలం చూశాను. కుదరలేదు. నా పేరు రాయడం లేదు. ఆ ఊరి పేరూ రాయను. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. మొహం తెలిసినవాళ్ళకు చెబుదామని రెండు మూడుసార్లు నోరు తెరిచాను. ప్రతిసారీ ఎండల గురించో, కాలవ నీళ్ళ గురించో మాట్లాడి, వాళ్ళిచ్చిన కాఫీ తాగి లేచి వచ్చేశాను.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. నాకు ఇరవై నాలుగేళ్ళు. అర్థశాస్త్రంలో ఎమ్మే పాసై, గన్నవరం దగ్గర మా ఊళ్ళో, మా ఇంటి అరుగు మీద ఏడాదిపాటు కూర్చున్నాను. చదువుకున్నవాడు అరుగు మీద కూర్చుంటే దారిన పోయే ప్రతివాడికీ ఒక ప్రశ్న ఉంటుంది. అలాంటప్పుడు ఒక ప్రొఫెసరుగారు చేనేత కుటుంబాల మీద పరిశోధన చేస్తున్నారని, పల్లెల్లో తిరిగి వివరాలు రాసుకొచ్చే మనిషి కావాలని తెలిసి పరుగున వెళ్ళాను. ఆయన మాతృభాష తెలుగు కాదు. వ్యాకరణం, నిఘంటువు ముందు పెట్టుకుని పట్టుదలగా నేర్చుకున్నారు. చదవగలరు, రాయగలరు. నోరు విప్పితే మాత్రం పురాణం చెబుతున్నట్టు ఉండేది.

"నాకు గ్రంథముల తెలుగు తెలియును. ఇండ్లలోని తెలుగు మీరు తెలుపవలెను" అన్నారు మొదటి రోజే.

అంటే నన్ను తీసుకున్నదే ఇళ్ళలో మాట్లాడుకునే మాట తెలుసని. ఈ సంగతి ఇక్కడ రాసి పెట్టాలి. తర్వాత నేను మరిచిపోయినట్టు నటించింది దీన్నే.

కంకిపాడు దాటి కాలవ గట్టు వెంట సైకిలు మీద చాలాసేపు వెళ్తే ఆ ఊరు. నేతవాళ్ళవి రెండు వీధులు. నూలు కరువైన కాలం. సర్కారు రేషను కార్డు మీద ఇచ్చే నూలు చాలక మగ్గాలు ఆగిపోతున్నాయని వాళ్ళు మొత్తుకుంటున్నారు. కాదు, ఇచ్చిన నూలు దాచుకుని దొంగ బజారులో అమ్ముకుంటున్నారని ఆఫీసులవాళ్ళు అంటున్నారు. ఏది నిజమో తేల్చడం మా పని. ఇంటికొక కాగితం. ప్రశ్నలు అచ్చువేసి ఉంటాయి. జవాబు మాత్రం వాళ్ళు చెప్పిన మాటల్లోనే, అక్షరం మార్చకుండా రాయాలని ప్రొఫెసరుగారి నియమం. మంచి నియమం. మంచిదని ఇప్పటికీ అంటాను.

మొదటి ఇల్లు మాణిక్యమ్మది. ఆమె భర్త వీరాస్వామి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఊరికే కూర్చుని ఉన్నాడు. మగ్గం మీద పోగు లేదు. ఇంకెక్కడ కూర్చోవాలో తెలియక అక్కడే కూర్చున్నాడేమో. ఇంట్లో నూలు నిల్వ ఎంత ఉందమ్మా అని అడిగాను.

"నిండుకుందండి బాబూ. నిండుకుని పది రోజులైంది" అని ఆవిడ ఖాళీ బుట్ట నా ముందుకు జరిపింది.

తెలుగువాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో బియ్యం అయిపోతే లేవు అనం, నిండుకున్నాయి అంటాం. దీపం ఆరితే కొండెక్కింది అంటాం. తాళి తెగితే పెరిగింది అంటాం. ఇంటికి కళనిచ్చే వస్తువును నోటితో లేదు అంటే పైన తథాస్తు దేవతలు తథాస్తు అనేస్తారని భయం. మా అమ్మ పప్పు డబ్బా అడుగు గోకుతూ కూడా నిండుకుందిరా అనేది. నేతవాళ్ళకు నూలే లక్ష్మి. ఆ రెండు వీధుల్లో ఏ గుమ్మంలో అడిగినా అదే మాట. చెప్పింది చెప్పినట్టు రాశాను.

జవాబు పక్కన తూకం రాయడానికి ఒక గడి ఉంది. అందులో సున్న చుట్టాలి. నేను చుట్టలేదు. చెయ్యి రాలేదు. ఎమ్మే చదివినవాణ్ణి, గుడి ముందు నుంచి పోతూ కూడా దణ్ణం పెట్టనివాణ్ణి, ఒక ఇల్లాలి పేరు పక్కన నూలు సున్న అని రాయడానికి జంకాను. గడి ఖాళీగా వదిలేశాను. ఒక ఇంట్లో వదిలాక ఇక అన్ని ఇళ్ళకూ అదే అలవాటైంది. ఖాళీ గడి చూస్తే ఎవరికైనా ఖాళీ అనే తెలుస్తుంది కదా అనుకున్నాను.

ప్రొఫెసరుగారు బెజవాడలో, కాలవ పక్కన ముసాఫరు బంగళాలో దిగారు. కాగితాలన్నీ తీసుకెళ్ళి ఇచ్చాను. తెలుగు తానే చదువుకుంటానని ఆయన పట్టు. రెండు రోజులు తలుపు వేసుకుని చదివారు. మూడో రోజు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి మనిషి వెలిగిపోతున్నారు. కాగితాలు గాలికి ఎగరకుండా వాటి మీద చెంబులు, చెప్పులు, ఏది దొరికితే అది పెట్టి, గది నిండా పరుచుకుని కూర్చున్నారు. అంతకు ముందు ఆయన నన్ను కూర్చోమన్న గుర్తు లేదు. ఆ రోజు కుర్చీ చూపించారు.

ఆయనకు తేలింది ఇది. మగ్గాలు ఆగి ఉన్నాయి, నిజమే. కానీ నూలు ప్రతి ఇంటా నిండుగా ఉంది. పది రోజుల కిందటే నింపుకున్న ఇల్లు కూడా ఉంది. తూకం గడులన్నీ ఖాళీ, అంటే తూచనివ్వలేదు. దాచుకున్నవాడు తూచనిస్తాడా? ఇంతవరకు ఎవరూ రుజువు చేయలేని సంగతి నేతవాళ్ళ నోటి మాటతోనే రుజువైందని ఆయన సంబరం.

"నిండుకొన్నది అనగా నిండినది అనియే కదా?" అని అడిగారు.

నాకు ముందు నవ్వొచ్చింది. అయ్యో, కాదండీ అనడానికి నోరు కూడా తెరిచాను. ఈలోగా ఆయనే మళ్ళీ అన్నారు.

"ఈ గ్రంథముపై మీ నామము కూడ ముద్రితమగును. కళాశాలలో ఉద్యోగమునకు నేనే వ్రాయుదును."

తెరిచిన నోరు అలాగే ఉంది. అందులోంచి వచ్చే మాట మారింది.

"ధాతువు అదేనండి" అన్నాను.

చూశారా? అబద్ధం కాదు. నిండు అనేదే ధాతువు. ఏ పండితుణ్ణి అడిగినా తల ఊపుతాడు. ఆయన అడిగింది ఇళ్ళలో ఆ మాటకు అర్థం ఏమిటని, నేను చెప్పింది వ్యాకరణం. అంత పాండిత్యం ఆ ఒక్క క్షణంలో నాకు ఎక్కడినుంచి వచ్చింది? పెద్దాయన ముఖం చిన్నబోతుందని మొహమాటపడ్డానా? చాలా ఏళ్ళు మొహమాటమనే చెప్పుకున్నాను. మన వైపు మొహమాటం సుగుణం, దాని చాటున ఏది దాగినా ఎవరూ అడగరు. మొహమాటం కాదు. అరుగు మీద కూర్చుని కూర్చుని విసిగిపోయాను, ఉద్యోగం కావాలి. అంతే సంగతి.

అయినా అది ఒక్క క్షణం పని. తొందరలో నోరు జారిందని సరిపెట్టుకోవచ్చు. ప్రెస్సులో జరిగిన దానికి ఆ సాకు కూడా లేదు.

పుస్తకం బెజవాడలోనే అచ్చువేయించారు. ఇంగ్లీషు పుస్తకం. నేతవాళ్ళ మాటలు మాత్రం తెలుగు అక్షరాల్లో ఇచ్చి పక్కన ఇంగ్లీషు అర్థం వేశారు. ప్రూఫులు దిద్దే పని నాకు అప్పగించి ప్రొఫెసరుగారు వెళ్ళిపోయారు. అక్షరాలు పేర్చే ఆయన పేరు రసూల్ గారు. నా తండ్రి వయసు. కళ్ళద్దాలు దారంతో చెవికి కట్టుకునేవారు. ఒక ఉదయం ఆ పేజీ నా ముందు పెట్టి, వెళ్ళకుండా నిలబడ్డారు.

"ఒక మాటండీ. ఇక్కడ నిండుకుంది అని ఉంది, పక్కన ఫుల్ అని పడింది. ఫుల్లంటే నిండుగా ఉండటమే కదండీ?"

"అవునండీ."

"మరైతే తప్పు పడ్డట్టుందండి. మా ఇంట్లో పిండి నిండుకుంటే మా ఆవిడ సంచీ చేతిలో పెట్టి బజారుకి తరుముద్ది. మీ ఇళ్ళల్లో ఎట్టాగో మరి."

ఆయన నవ్వుతున్నారు. నేనూ నవ్వి, తప్పే పడింది, దిద్దండి అంటే సరిపోయేది. ప్రొఫెసరుగారికి ఒక ఉత్తరం రాయాల్సి వచ్చేది. కోపం వచ్చేది ఆయనకు, నా ఉద్యోగం పోయేది. మళ్ళీ అరుగు.

"అది శాస్త్రంలో వాడే అర్థం లెండి" అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. "శాస్త్రమా. అయితే మాకేం తెలుసుద్దిలెండి" అని తన అక్షరాల పెట్టె దగ్గరకు వెళ్ళిపోయారు. తెలిసిన మనిషిని తెలియనివాణ్ణి చేసి పంపేశాను. ఆ పేజీలో మూడు కామాలు సరిచేశాను. తలకిందులుగా పడిన ఒక అక్షరాన్ని తిప్పించాను. ఆ మాట జోలికి పోలేదు.

పుస్తకం వచ్చింది. నాకు కాలేజీలో ఉద్యోగమూ వచ్చింది. కొన్ని నెలలకు ప్రొఫెసరుగారి దగ్గర్నుంచి ఉత్తరం. మన పరిశోధన వృథా పోలేదు, ఆ ఊరి నూలు కార్డులకు కోత వేశారు, నిల్వలున్నవారికి మళ్ళీ ఎందుకని మన పుస్తకమే చూపించారు అని సంతోషంగా రాశారు. తేలు కుట్టిన దొంగలా ఆ ఉత్తరం మడిచి పెట్టెలో పెట్టాను. ఆ మర్నాడు క్లాసులో పల్లెలకు వెళ్ళి వివరాలు ఎలా సేకరించాలో పాఠం చెప్పాను. జనం చెప్పింది చెప్పినట్టు రాసుకోండి అన్నాను. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే పాఠం.

ఆ ఊరు మళ్ళీ వెళ్ళలేదు. కంకిపాడు వైపు పెళ్ళికి పిలిచినా జ్వరమని చెప్పి తప్పించుకున్నాను.

యుద్ధం అయిపోయింది. ఒక రోజు బెజవాడలో ఒక బియ్యం మిల్లు ముందు నుంచి నడిచి పోతున్నాను. ఆవరణలో ఆడవాళ్ళు కాళ్ళతో వడ్లు తిరగేస్తున్నారు. వాళ్ళలో ఒకావిడ నన్ను చూసి, చెంగు దులుపుకుంటూ గేటు దాకా వచ్చింది. ముందు ఆవిడే గుర్తుపట్టింది. మాణిక్యమ్మ.

"ఆయన పోయాడండి బాబూ" అంది. "కార్డు కోసేశాక మగ్గం కర్రలు పొయ్యిలోకి పోయినై. కాలవ పూడిక తీసే పనికి పోయాడు. నీళ్ళలో నిలబడే అలవాటు లేని మనిషి. జొరం వచ్చింది, మళ్ళా లేవలా."

ఏమన్నానో గుర్తు లేదు. అయ్యో అని ఉంటాను.

"మీరొచ్చి రాసుకెళ్ళాక బాగుపడతాం అనుకున్నామండి. మేం చెప్పింది చెప్పినట్టే రాశారా బాబూ?"

అందులో నిందేమీ లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నేను జవాబు చెప్పాను.

"అక్షరం మార్చలేదమ్మా."

"అయితే పైనోళ్ళే సరిగ్గా చదవలా. మీరేం చేస్తార్లెండి" అంది. ఎండలో నిలబెట్టానని నొచ్చుకుంది కూడా. మేస్త్రీ కేకేస్తే మళ్ళీ వడ్లలోకి వెళ్ళిపోయింది.

రెండోసారి కూడా నిజమే చెప్పాను, మీరు గమనించే ఉంటారు. నాకు అబద్ధం ఆడటం చేతకాదు. ఇలాంటి నిజాలే వచ్చు. వీరాస్వామికి వచ్చిన జ్వరం నేను తెచ్చింది కాదు, ఆ కాలవల్లో ఎంతమందికో వచ్చింది. కానీ మగ్గం ఆడుతుంటే ఆ మనిషి నీళ్ళలోకి దిగేవాడా? దిగడు. ఈ ప్రశ్న వేసుకున్నప్పుడల్లా ఈ జవాబే వస్తుంది. ఇంకో జవాబు కోసం నేను వెతకని చోటు లేదు.

ఇప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి కందిపప్పు నిండుకుందండీ అంటే చాలు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు చేతిలో పేపరు పడేసి సంచీ పట్టుకుంటాను. ఇంత చెప్పినట్టు వినే మొగుడు ఎక్కడా ఉండడని ఆవిడ పక్కింటివాళ్ళ దగ్గర గొప్పలు చెప్పుకుంటుంది. ఎందుకో ఆవిడకు తెలియదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నేను ఆవిడకు చెప్పనిది ఇదొక్కటే.

ప్రొఫెసరుగారు పోయారు. ఆ అర్థమే నమ్ముతూ పోయారు. ఆయనది తప్పు కాదు. తెలియక అడిగారు, అడగాల్సినవాణ్ణే అడిగారు. రసూల్ గారు అడిగారు. మాణిక్యమ్మ కూడా అడిగింది. ముగ్గురు మూడుసార్లు నాకు దారి వదిలారు. మాణిక్యమ్మ కోసం తర్వాత చాలా వెతికాను అని ఇక్కడ ఒక వాక్యం రాసి, ఇప్పుడే కొట్టేశాను. వెతకలేదు. ఆ మిల్లు వీధి వదిలి చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి.

అలసిపోయాను. మీరు క్షమిస్తారని రాయడం లేదు, క్షమించడానికి పోయింది మీ మగ్గం కాదు. ధాతువులూ శాస్త్రమూ అడ్డం పెట్టకుండా, ఎవరో ఒకరికి, ఒక్కసారి చెబితే చాలనిపించింది. మాణిక్యమ్మ ఇంట్లో నూలు లేదు. ఆ రెండు వీధుల్లో ఏ ఇంట్లోనూ లేదు. నాకు తెలుసు. తెలిసి, ఉందన్నాను.