గాజు మీద గీత

ల్యాబులో ఆమెను అందరూ టైమరక్క అంటారు. మెడలో టైమరు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. కణాలను గాజు స్లైడు మీద పరిచి, కడిగి, రంగు వేయడం ఆమె పని. ఇరవై ఆరేళ్లుగా అదే బల్ల, అదే కుర్చీ. ఆ ల్యాబుకి అధిపతి పెద్దసారు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నాలుగోది కనిపిస్తే అది కుందేలు తప్పు.

ఆమె చేరిన తొలి ఏళ్లలో పెద్దసారుకి తెలిసింది ఒకటే. ప్రోటీను తయారీకి పనికొచ్చేదే ఆర్ఎన్ఏ, మిగిలిందంతా చెత్త. అందుకే డీఎన్ఏకి రంగు వేసేముందు ఎంజైము పోసి ఆ చెత్తను కరిగించేయమనేవాడు. ఒకరోజు ఎంజైము సీసా అడుగంటింది. టైమరక్క సగం స్లైడులకే పోయగలిగింది. పోయనివాటిలో క్రోమోజోము ఒకటి ఓ మూల బుద్ధిగా ముడుచుకుని కూర్చుంది. పోసినవాటిలో అదే క్రోమోజోము చెదిరి వదులైపోయింది. అంటే సారు చెత్త అంటున్నదే దాన్ని ఆ మూలన పట్టి ఉంచి, దాని జన్యువుల నోరు మూయిస్తోందేమో అని ఆమెకు తట్టింది. నమ్మకం కుదరక, ప్రతిసారీ ఒకే స్లైడులో సగానికే ఎంజైము పోసి, ఏడుసార్లు చేసి చూసింది. ఏడుసార్లూ అంతే.

చెప్తే పెద్దసారు నవ్వాడు.

"ఇల్లు ఊడిస్తే గోడలు కూలతాయా అమ్మా? గాజు కడిగేవాళ్లు గాజు కడుక్కోవాలి."

ఆ ల్యాబులో స్లైడు చేసినవాళ్లు దాని చివర తమ పేరు, తేదీ వజ్రపు మొన కలంతో గీస్తారు. పారేయాలంటే పెద్దసారు అదే కలంతో పక్కనే కారణం గీసి సంతకం పెట్టాలి. ఆ రూలు పెట్టిందీ ఆయనే. ఆ రోజు ఆ ఏడు స్లైడుల మీదా 'చెత్త' అని గీశాడు. అంత ఓపికగా ఆయన మరో పని చేసి ఎరగడు. టైమరక్క వాటిని పారేయకుండా పెట్టెలో సర్ది సొరుగులో పెట్టుకుంది. ఆ నవ్వు తలుచుకున్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండేది.

పద్దెనిమిదేళ్లు గడిచాయి. ఎక్కడెక్కడివాళ్లో అదే సంగతి రుజువు చేశారు. ప్రోటీను చేయని ఆర్ఎన్ఏల్లో కొన్ని, క్రోమోజోము ఎక్కడ ఎలా మడుచుకోవాలో, ఏ జన్యువు పని చేయాలో, ఏది ఊరుకోవాలో చూసుకుంటాయని పుస్తకాలకెక్కింది. పెద్దసారు ఊసరవెల్లికి సిగ్గొచ్చేలా రంగు మార్చాడు. అందరికంటే ముందు తానే చూశానని ఓ బహుమతికి దరఖాస్తు పెట్టాడు. వాళ్లు ఆనాటి స్లైడుల ఫొటోలు అడిగారు, తేదీతో సహా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా.

అప్పుడొచ్చాడు టైమరక్క బల్ల దగ్గరికి, ముఖాన నవ్వు పులుముకుని.

"ఆ పాత స్లైడులు నీ దగ్గరున్నాయటగా అమ్మా?"

"ఉన్నాయి సార్. నా పేరు వేస్తారా?"

"చివర్లో కృతజ్ఞతలుంటాయిగా. 'సిబ్బందికి' అని వేయిస్తాలే."

ఇన్నేళ్లలో ఆమె ఆయన్ని అడిగింది అదొక్కటే. దానికీ ఆయనకు మనసొప్పలేదు. ఆమె సొరుగు తీసి పెట్టె చేతిలో పెట్టింది. ఆయన మొదటి స్లైడు వెలుతురుకెత్తాడు. ఆమె పేరు, తేదీ, 'చెత్త', తన సంతకం, అన్నీ ఒకే వరసలో. రెండోది ఎత్తాడు. ఏడోదాకా ఎత్తాడు. బొటనవేలితో రుద్ది చూశాడు, పాపం, రెండు డాక్టరేట్ల మనిషి.

"ఇది పోయే మార్గం ఏమన్నా ఉందా?" గొంతు తగ్గించి అడిగాడు.

"గాజు మీద గీత సార్. ఏ ఎంజైముకీ కరగదు," అంటూ టైమరు నొక్కింది. "కొంచెం జరగండి, వెలుతురుకి అడ్డొస్తున్నారు."