ఇంగ్లీషు కూత

మా ఇంగ్లీషు సారు పోయారు. ఆ సంగతి నాకు ఆత్మకూరు బస్టాండులో తెలిసింది. నేను బస్సు కండక్టర్ని. ఉదయగిరి బస్సులో టికెట్లు కొడుతుంటే, ముందు సీట్లో ఒకామె పూలదండ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. "యాడికమ్మా?" అంటే, "ఉదయగిరికి. ఇంగ్లీషు సారు తెల్లారుజామున పోయినారంట, చూసొద్దామని" అంది. నా చేతిలో టికెట్ మిషను అలాగే ఉండిపోయింది. వెనక సీట్లవాళ్లు కేకలేస్తున్నా వినిపించలేదు.

ఏడ్చాను. దాచుకోవడం దేనికి, బస్సులోనే ఏడ్చాను. కానీ ఆయన్ని తలుచుకుంటే ఏడుపుతో పాటు ఒళ్లంతా హుషారు కూడా వస్తుంది. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా కాలు ఒకచోట నిలవడం లేదు. ఆయన మాకు చెప్పిన చదువు అట్లాంటిది మరి.

మాది అనంతసాగరం పక్కన పల్లె. షేర్ ఆటోలో ఆత్మకూరు బడికి వచ్చేదాన్ని. ఎనిమిదో తరగతిలో సారు మాకు వచ్చేనాటికి ఇంగ్లీషంటే క్లాసంతటికీ చలిజ్వరమే. పాఠం చివర ఉండే కొత్త మాటల్ని పదేసిసార్లు రాయడం, రాసినవి రాసినట్టే మరిచిపోవడం, ఇంతే మాకు తెలిసింది. సారు కొన్నాళ్లు ఓపిగ్గా చూశారు. ఒక శుక్రవారం ఆఖరి పీరియడ్‌కు వస్తూనే "బెంచీలన్నీ గోడకు నెట్టండ్రా" అన్నారు. సుద్దముక్కతో గది మధ్యలో గీత గీసి, క్లాసును రెండు జట్లు చేసి, "ఇంక కబడ్డీ ఆడండి" అన్నారు.

"కబడ్డీనా సారూ?" అన్నాం.

"కబడ్డీనే. కాకపోతే కూతలో కబడ్డీ కబడ్డీ అనకూడదు, ఇంగ్లీషు మాటలు అనాల. గుక్క తిప్పుకోకూడదు, అన్న మాట మళ్లీ అనకూడదు. గీత కాడికి తిరిగొచ్చినాక అవతలి జట్టోళ్లు ఏదో ఒక మాట పట్టుకుని 'అర్థం?' అని అడగతారు. తెలుగులో చెప్పలేకపోయినారా, అవుట్!"

ఆడపిల్లలకు ఆడపిల్లలతో, మగపిల్లలకు మగపిల్లలతో ఆట. నా మొదటి కూత నాకింకా గుర్తుంది. క్యాట్, ర్యాట్, డాగ్, మదర్, ఫాదర్... అంతే, సరుకైపోయింది. అవతలి పిల్లలు నా మీద పడి నేల కరిపించారు. లేచేసరికి జడ ఊడిపోయింది, మోచెయ్యి గీరుకుపోయింది, సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికి పోయి ఎరువుల బస్తా మీద మాటలు చదవడం మొదలుపెట్టాను.

అక్కడినుంచి చూడాలి మా వేట! సబ్బు కవర్లు, మందు సీసాలు, లారీల వెనకభాగాలు, అంగళ్ల బోర్డులు దేన్నీ వదల్లేదు. పేస్టు ట్యూబు మీద మాటలు చదువుతూ పళ్లు తోముకోవడం మరిచిన రోజులున్నాయి. అర్థం కోసం కనిపించిన పెద్దలందర్నీ పీక్కుతినేవాళ్లం. శుక్రవారం మా కేకలకు పక్క క్లాసు లెక్కల సారు తలుపులేసుకునేవారు. మేం కూతలో అన్న మాటలన్నీ సోమవారానికి సారు నల్లబల్ల మీద రాసి, అప్పుడు స్పెల్లింగు చెప్పేవారు. "మాట ముందు నోట్లోకి రావాల, ఆనక చేతిలోకి" అనేవారు. అర్థం తెలియకుండా ఎవరైనా మాట వదిలితే, "అది పక్కింటోళ్ల గొడ్డురా, నువ్వు పిలిస్తే వస్తాదా?" అని నవ్వేవారు.

ఇంత హుషారులోనూ అర్ధసంవత్సరం పరీక్షలో నేను ఇంగ్లీషు తప్పాను. నోట్లోకి వచ్చినవి ఇంకా చేతిలోకి దిగలేదు. మా ఇంట్లో నేనూ నాయనా ఇద్దరమే. అమ్మ నా ఐదో తరగతిలో జబ్బుచేసి పోయింది. నాయన మార్కులు విని, "ఇంగ్లీషు రానిదానివి, పది గట్టెక్కేది కల్ల. సంగం వైపు పొలాల్లో నాట్లు పడినాయి, మీ పిన్నితో కూలికి పో" అన్నాడు. దానికి తోడు ఆటోలో ఎవరో ఆయనకు చెప్పారు, ఇంగ్లీషు సారు పాఠం మానేసి పిల్లల చేత కబడ్డీ ఆడిస్తున్నాడని. ఆ శుక్రవారం నాయన నేరుగా బడికి వచ్చాడు. నేను అప్పుడే గీత దాటి మంచి కూతలో ఉన్నాను.

"ఏంది సారూ ఇది? సదువు చెప్తారనుకుంటే కుస్తీలు పట్టిస్తా ఉండారే!" అని వాకిట్లోంచే అరిచాడు. నా గుక్క తెగిపోయింది. "నా కూతుర్ని పంపీండి. సోమవారం నుంచి అది బడికి రాదు."

సారు మాత్రం నింపాదిగా చేతుల సుద్ద దులుపుకున్నారు.

"తీసుకుపో అన్నా, నీ బిడ్డ. కాకపోతే ఆట మధ్యలో చెడగొట్టినోళ్లు ఒక కూత పెట్టి పోవాల. అది మా రూలు."

అట్లాంటి రూలు మాకెప్పుడూ లేదు. సారు అప్పటికప్పుడు పుట్టించారు.

"నేను ఏలిముద్రగాణ్ణి సారూ. నాకు ఇంగ్లీషు యాడ వస్తాది?"

"రాకపోతే ఓడిపోయినానని చెప్పి పో."

మా నాయన వయసులో ఉండగా చుట్టుపక్కల పల్లెల్లో పేరున్న ఆటగాడు. ఓడిపోయానని చెప్పమంటే చెప్పే మనిషి కాదు. చెప్పులు విడిచి, గీతకు మొక్కి, మగపిల్లల జట్టు మీదికి దూకాడు. బస్సు, లైటు, అని ఒక్క క్షణం తడబడ్డాడు. ఆ తర్వాత చూడాలి! మోటారు, స్టార్టరు, ఫ్యూజు, వైరు, ట్రాన్స్‌ఫార్మరు, పైపు, వాల్వు, ట్రాక్టరు, టైరు, పంచరు, బ్రేకు... పిల్లలు గోడలకు అతుక్కుపోయారు. క్లాసంతా బెంచీలెక్కి ఈలలు. నాయన ఇద్దర్ని తాకాడు. ఇంకా ఊపిరుంది. డాక్టరు, సెలైను, స్కానింగు, బ్లడ్డు, బయాప్సీ... అంటూ గీత దాటి ఇవతలికి వచ్చి పడ్డాడు. నేను చప్పట్లు కొడుతున్నాను, బడి మానిపించడానికి వచ్చిన మనిషికే!

"ట్రాన్స్‌ఫార్మర్ అర్థం?" అని అరిచాడొకడు.

"మా చేని గట్టున ఉండాది. కాలిపోతే నెలకు గానీ రాదు" అన్నాడు నాయన. సారు కూడా పడీపడీ నవ్వారు.

"బయాప్సీ అర్థం?" అన్నాడు ఇంకొకడు.

నాయన ఆయాసం తగ్గాక మెల్లగా చెప్పాడు. "తెలవదు. నెల్లూరు ఆస్పత్రిలో మా ఇంటిదానికి చేయాలన్నారు. నేను తెలిసినట్టు తల ఊపినాను. బస్సులో ఆమె నన్ను అడగతానే ఉండాది, ఏంది అదీ ఏంది అదీ అని. ఊరొచ్చేదాకా ఏడిసింది."

సారు నాయన దగ్గరికి వచ్చి, పక్కనే నేల మీద కూర్చున్నారు. "ఒంట్లోంచి రవ్వంత ముక్క తీసి, జబ్బేందో పరీక్ష చేసి చూస్తారన్నా. అంతే" అని మెల్లగా చెప్పారు.

"అంతేనా సారూ?" అన్నాడు నాయన. "ఇంతేనా దాని అర్థం?"

తర్వాత లేచి, చెప్పులేసుకుని, నా వైపు చూడకుండానే సారుతో అన్నాడు. "అది సోమవారం వస్తాది. అర్థాలు మాత్రం ఇడవకుండా చెప్పండి."

ఆ సోమవారం నల్లబల్ల నిండా మా నాయన మాటలే. నేను పది గట్టెక్కాను, ఇంటరూ గట్టెక్కాను, ఈ ఉద్యోగానికి వచ్చాను. రిటైరయ్యాక సారు ఉదయగిరిలో స్థిరపడి, సాయంత్రాలు వీధి పిల్లలకు చెప్పేవారు. నా బస్సెక్కితే "కండక్టరు గారూ, ఈ వారం కొత్త మాటేంది?" అని బస్సంతా వినపడేట్టు అడిగేవారు. నేను చెప్పగానే "అర్థం?" అనేవారు. నా ప్రయాణికుల ముందు ఎన్నిసార్లు అవుటయ్యానో!

మధ్యాహ్నం ఉదయగిరి సమాధుల తోటలో కొండ నీడ కూడా లేదు, మండుటెండ. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు వరుసగా వచ్చి మన్ను వేయండని పాస్టరుగారు అన్నారు. నెరిసిన తలలవాళ్ల నుంచి యూనిఫాం పిల్లల దాకా పెద్ద వరుస కట్టాం. చూస్తే అందులో మా నాయన. నేను ఫోన్లో చెప్పగానే పల్లె నుంచి వచ్చేశాడు.

"నాయనా, ఇది సారు కాడ సదివినోళ్ల వరుస. ఊరి పెద్దోళ్లు ఆ పక్కన ఉండారు, చూడు" అన్నాను.

"నేను సదవలేదా?" అన్నాడు. "ఒక్క పూట సదివినాను."

పిడికిలి నిండా ఎర్రమన్ను పట్టుకుని, ఒక హైస్కూలు పిల్లవాడి వెనక తన వంతు కోసం నిలబడ్డాడు. నేను వెళ్లి ఆయన వెనక నిలబడ్డాను.