అత్త దిగిన సముద్రం

మా చిన్నప్పుడు... కార్తీక పౌర్ణమి వచ్చిందంటే ట్రాక్టరు ట్రక్కులో వరిగడ్డి పరిచి, పైన జంపఖానా వేసేవాళ్ళు. బాపట్ల పక్కనున్న మా ఊరి నుంచి సూర్యలంక సముద్ర స్నానానికి అదే మా బండి. డేగిసాలో పులిహోర, క్యారియర్లో పెరుగన్నం, మరచెంబుల్లో మంచినీళ్ళు... గతుకు వచ్చినప్పుడల్లా పిల్లలందరం ఒకరి మీద ఒకరం పడి, కావాలనే ఇంకాస్త దొర్లేవాళ్ళం.

మాతో రాజ్యం అత్త కూడా వచ్చేది. నాన్నకి అక్క. మామయ్య చిన్న వయసులోనే పోతే మా ఇంటికి వచ్చేసింది. మమ్మల్ని సగం పెంచింది ఆవిడే. అత్తకి నీళ్ళంటే హడలు... కాలవ గట్టు మీద కూడా నిలబడేది కాదు. సముద్రం దాకా వచ్చి, దూరంగా పొడి ఇసకలో మా బట్టలకి కాపలా కూర్చునేది. అక్కడి నుంచే ఒక దణ్ణం పెట్టేది. అంతే ఆవిడ సముద్ర స్నానం!

ఆ ఏడు మా చెల్లి శిరీషకి అయిదేళ్ళో, ఆరేళ్ళో. పెద్దవాళ్ళు సూర్యుడికి దణ్ణం పెట్టుకుంటున్నారు. నా పక్కనే గెంతుతున్న చెల్లిని ఒక పెద్ద అల వచ్చి ఊడ్చుకుపోయింది.

వెనక నుంచి ఎవరో నన్ను తోసుకుంటూ నీళ్ళలోకి పరుగెత్తారు... చూస్తే అత్త! కుచ్చిళ్ళు కాళ్ళకి చుట్టుకుంటున్నా ఆగలేదు. నడుం లోతుకి వెళ్ళి, చేతికందిన పరికిణీ పట్టుకుని గుంజి, పిల్లని గుండెకి అదుముకుంది. ఇంకో అల వచ్చి ఇద్దరినీ ముంచేసింది. పైకి తేలేసరికి చెల్లి దగ్గుతోంది. అత్త ఏడుస్తోందో నవ్వుతోందో నాకు అర్థం కాలేదు.

ఆ రోజు పులిహోర ఎవరూ ముట్టలేదు. ఇంటికి రాగానే నాన్న ఒక్కటే మాట అన్నారు... "ఇంక మనింట్లో సముద్రం ఊసు ఎత్తొద్దు."

ఎత్తలేదు. అరగంట దూరంలో సముద్రం పెట్టుకుని, నా పెళ్ళయ్యేదాకా మళ్ళీ చూడలేదు నేను. నాన్న పోయాక కూడా ఆ మాట మా ఇంట్లో అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు నేనుండేది ఐర్లండ్‌లో, లిమరిక్ అనే ఊళ్ళో. చెల్లి ఇక్కడే కార్క్‌లో నర్సు. ఈ ఏడు ముసురు చూసీ చూసీ విసుగొచ్చి, మొన్న చెల్లే ఫోన్ చేసింది. "అక్కా, ఒక వీకెండ్ స్పెయిన్ వెళ్దామా? మధ్యధరా సముద్రం ఒడ్డున చిన్న ఊరు. ఇక్కణ్ణించి డైరెక్ట్ ఫ్లైట్ ఉంది."

మా అమ్మాయి ఎగిరి గంతేసింది. టికెట్లు చూడటం చెల్లి వంతు, ఇల్లు వెతకటం నా వంతు. నేను వెతికి వెతికి కొండమీద ఒక ఇల్లు చూశాను. వీడియో కాల్‌లో చూపిస్తే చెల్లి మొహం అదోలా పెట్టింది.

"ఇదేంటక్కా, బీచ్‌కి బస్సెక్కి వెళ్ళాలా?"

"వ్యూ బాగుంటుందని..." అని నసిగాను.

"వాట్స్ ద పాయింట్, మామ్?" అంది మా అమ్మాయి తన ఐరిష్ యాసలో.

చెల్లి మెల్లగా అంది. "భయమా అక్కా? నాకు ఆ అల గుర్తే లేదు తెలుసా. అత్త తడి చీరతో నన్ను ఒళ్ళో పెట్టుకుని ఇల్లు చేరేదాకా వదల్లేదే... అదొక్కటే గుర్తు."

ఆ మాటతో అత్తకి ఫోన్ కలిపాం. బాపట్లలో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. వెళ్ళొద్దని తిడుతుందనే అనుకున్నాను... నిజం చెప్పాలంటే, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"వెళ్ళండమ్మా," అంది. "పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని దిగండి. నాకూ మళ్ళీ ఒకసారి దిగాలని ఎంత ఉండేదో!"

"నీకా అత్తా?"

"ఆ రోజు చెల్లి చేతికి చిక్కాక ఇంకో అల మా మీద పడిందా... ఇన్నేళ్ళూ దీనికా నేను భయపడింది అనిపించింది. పై ఏడు మళ్ళీ ట్రాక్టరు కడతారేమోనని చూశా. మీ నాన్న ఊసే ఎత్తనివ్వలా."

"మరి నువ్వు అడగొచ్చుగా?"

"నేను బెదిరిపోయాననేగా వాడు వద్దన్నది. వాడి మాట కాదని ఎట్టా అడగనమ్మా?"



ఆ కొండమీది ఇల్లు వదిలేసి, మెట్లు దిగితే ఇసక తగిలే ఇల్లు తీసుకున్నాం. మా తమ్ముడికి చెప్తే, ఆ ఆదివారమే అత్తని సూర్యలంక తీసుకెళ్ళాడు. ఫోటో పంపాడు... మోకాళ్ళ లోతు నీళ్ళలో వాడి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. ఫోటో తీస్తున్నారన్న ధ్యాసే లేదు. సముద్రం వైపే చూస్తోంది.

ఇప్పుడు రెండ్రోజులు సెలవు దొరికితే ఇంకో దేశపు సముద్రానికి వెళ్ళొస్తున్నాం... అప్పుడేమో పక్కనున్న సముద్రానికే, ఒకరి కోసం ఒకరం అనుకుంటూ, అందరం దూరమైపోయాం.

మీ ఇళ్ళల్లో కూడా ఇలా ఊసెత్తడం మానేసిన చోటు ఏదైనా ఉందా? ఉంటే మీ పెద్దవాళ్ళని ఒక్కసారి అడిగి చూడండి... వాళ్ళేమన్నారో నాకూ చెప్పండి.