ఆ ఉదయం చదివింది ఎవరు

దయ్యాలు, శకునాలు, కలలో ఎవరో కనిపించి చెప్పడాలు - ఇలాంటివి నేను ఏనాడూ నమ్మలేదు. ఇరవై ఏళ్లకు పైగా ఏఎన్ఎం నర్సు ఉద్యోగం చేస్తున్నాను. గాలి సోకిందని నా దగ్గరికి మోసుకొచ్చిన వాళ్లలో చాలామందికి మలేరియా, మిగతావాళ్లకు రక్తం తక్కువ. మాత్ర ఇచ్చి పంపేదాన్ని.

అందుకే ఈ సంగతి చాలాకాలం నాలోనే ఉంచుకున్నాను. ఇప్పుడు కూడా ఎవరినో నమ్మించాలని రాయడం లేదు.

మేముండేది బీజాపూర్ జిల్లా అడవుల్లో, ఉసూర్ దగ్గర. మా ఆయనకు నగర్‌నార్ ఉక్కు ఫ్యాక్టరీలో పని, పదిహేను రోజులకోసారి వస్తాడు. ఇంట్లో నేనూ, మా అత్తమ్మ మార్తమ్మా. ఆమె వయసంతా మిరప చేలల్లో కూలికి పోయిన మనిషి. బడి మొహం చూడలేదు. పింఛను కాగితం మీద ఇప్పటికీ వేలిముద్రే. పైగా రెండు కళ్లలోనూ శుక్లాలు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నుంచి ఒకటే అలవాటు. పొద్దున టీ తాగాక నేను బైబిల్లో ఒక భాగం చదవాలి, ఆమె వినాలి. చదవడం అయ్యాక ఆమె ఎప్పుడూ ఒకే మాట అడిగేది.

"ఇయ్యాల మనకేం చెప్పిండు బిడ్డా?"

నాకది భక్తి కన్నా డ్యూటీ. నేను చదివి మరిచిపోయేదాన్ని. ఆమె విని, చేసేది. ఒకరోజు పొరుగువారితో సమాధానపడమనే భాగం వచ్చింది. ఆ పూటే వెళ్లి, మూడు నెలలుగా మాట్లాడని పక్కింటావిడ బిందెను తనే బోరింగు కొట్టి నింపింది. ఆవిడ నోరు తెరుచుకుని చూసింది. అత్తమ్మ ఏమీ జరగనట్టు ఇంటికొచ్చి బియ్యం ఏరుకుంది.

రెండేళ్ల కిందటి వానాకాలంలో, వాగు అవతల ఊళ్లో పిల్లలకు టీకాలు వేసి వచ్చాను. ఒక పసివాడికి రాత్రికి జ్వరం వచ్చింది. టీకా వేస్తే ఒంట్లో వేడి రావడం మామూలే. కానీ వాడికి ఫిట్స్ కూడా వచ్చాయి. రెండు రోజుల్లో వాడు తేరుకున్నాడు. ఊరు మాత్రం తేరుకోలేదు.

మళ్లీ వెళ్లినప్పుడు ఆ పిల్లవాడి తాత నా టీకాల పెట్టె లాక్కుని బురదలోకి విసిరాడు. పెట్టెతోపాటు నేనూ పడ్డాను. చుట్టూ జనం. ఆ ఊరి మితానిన్, అంటే ఆశా కార్యకర్త లాంటి మనిషి, బుద్రి - ఎనిమిదేళ్లుగా నాతో కలిసి ఇల్లిల్లూ తిరిగింది - తల వంచుకుని నిలబడింది. ఎవరూ చెయ్యి అందించలేదు.

ఇంటికొచ్చి తలనొప్పి అని పడుకున్నాను. అత్తమ్మకు చెప్పలేదు. చెబితే క్షమించమంటుంది. నాకు క్షమించాలని లేదు.

మర్నాటి నుంచి చదవడం మానేశాను. రోజూ ఏదో ఒక సాకు. ఆమె టీ తాగి, పుస్తకం ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చుని, మళ్లీ గూట్లో పెట్టేసేది. అలా పదకొండు రోజులు. ఈలోగా నేను జగదల్‌పూర్‌కు బదిలీ కోరుతూ అర్జీ రాసుకున్నాను.

పన్నెండో రోజు పొద్దున అర్జీ ఇవ్వడానికి బీజాపూర్ బయల్దేరాను. బస్సుకు ఇంకా అరగంట టైముంది. చెప్పులు వేసుకుని, సంచి భుజాన వేసుకుని, చెప్పి వెళ్దామని వెనక వసారా గుమ్మంలోకి వచ్చాను.

అత్తమ్మ పీట మీద, నాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. ఒళ్లో బైబిల్ తెరిచి ఉంది. చదువుతోంది.

ఊహించుకోవడం కాదు. ఆమె గొంతే. అక్షరం తడబడకుండా, చుక్క దగ్గర ఆగి, వేలు వరస వెంట జరుపుతూ చదువుతోంది. వేలు వరస చివరికి వెళ్లి, కింది వరస మొదటికి రావడం ఆమె భుజం మీదుగా నేను కళ్లారా చూశాను. పేజీ తిప్పి చదివింది కూడా.

చదివింది ఒక ప్రవక్త కథ. దేవుడు ఒక పట్నానికి వెళ్లమంటాడు. ఆ ఊరివాళ్లంటే ఇతనికి గిట్టదు. వెళ్లకుండా, సరిగ్గా ఎదురు దిక్కుకు పోయే ఓడ ఎక్కుతాడు.

గుమ్మంలోనే నిలబడి చివరిదాకా విన్నాను. ఐదు నిమిషాలు పట్టి ఉంటుంది. ఆమె ఆగి, కళ్లు మూసుకుని ప్రార్థనలోకి వెళ్లింది. నేను పలకరించలేదు. నిజం చెప్పాలంటే ఆమె నా వైపు తిరుగుతుందేమోనని భయపడ్డాను.

గదిలోకి వెళ్లి అర్జీ బీరువాలో పెట్టాను. మందుల కిట్టు తీసుకుని బస్టాండు వైపు కాకుండా వాగు వైపు నడిచాను. ఆ ఊరివాళ్ల మీద కోపం పోయి కాదు. ఏమని వెళ్తున్నానో నాకే తెలియదు.

వాగు మోకాలి లోతు ఉంది. దాటి గట్టెక్కేసరికి బుద్రి ఎదురుగా పరుగెత్తుకొస్తోంది.

"దీదీ! నీ కాడికే వస్తన్న. జోగికి పొద్దుగాల కాన్పయింది. నెత్తురు ఆగుత లేదు."

జోగి మొన్న మొన్ననే పెళ్లయిన పిల్ల. మొదటి కాన్పు. లోపలికి వెళ్లేసరికి కింద పరిచిన గోనె తడిసిపోయింది. బిడ్డ అప్పటికే పోయింది. గుడ్డలో చుట్టి పక్కన పెట్టారు. జోగి పెదాలు తెల్లబడ్డాయి, నాడి దారంలా కొట్టుకుంటోంది.

నాకు చేతనైంది చేశాను. మాత్రలు వేశాను, పొత్తికడుపు నొక్కి పట్టుకున్నాను, సెలైన్ పెట్టాను. నెత్తురు తగ్గింది గానీ ఆగలేదు. నులక మంచానికి వెదుళ్లు కట్టి నలుగురు ఎత్తుకున్నారు. నేను సెలైన్ సీసా పైకి పట్టుకుని పక్కన నడిచాను. వాగు దాటాక దిబ్బ ఎక్కితే సిగ్నల్ దొరికింది. అంబులెన్స్ రోడ్డు మీదికి వచ్చింది.

మంచం మోసిన నలుగురి మొహాలు నేను చూడలేదు. నా కళ్లు సీసా మీదే ఉన్నాయి. వాళ్లలో ఒకడు నా పెట్టె విసిరిన ముసలాయనని బుద్రి తర్వాత చెప్పింది. జోగి ఆయన చిన్న కూతురు.

జోగి బతికింది. గంట ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు అన్నారు. ఆ పొద్దున నేను వాగు వైపు నడవకపోయి ఉంటే, బుద్రి మా ఇంటికి చేరేసరికి బీజాపూర్ బస్సులో ఉండేదాన్ని.

మర్నాడు మధ్యాహ్నం ఇంటికొచ్చి అత్తమ్మకు అంతా చెప్పాను. బురదలో పడిన సంగతితో సహా. బిడ్డ గురించి విని కన్నీళ్లు పెట్టుకుంది. తర్వాత నేను, మాట ఎలా ఎత్తాలో తెలియక, నెమ్మదిగా అడిగాను.

"అత్తమ్మా, నీకు చదువెప్పుడొచ్చింది?"

"నాకేం చదువే?"

"నిన్న పొద్దుగాల బైబిల్ చదివినవ్ గదా. గుమ్మంల నిలబడి విన్న."

ఆమె నా వైపు వింతగా చూసింది.

"నేను చదువుడేంది బిడ్డా? చదివింది నువ్వు. నా ముంగట కూసోని చదివినవ్. కాళ్లకు చెప్పులు గూడ ఇప్పలే. బస్సుకు తొందరున్నా, ఇన్నొద్దులకు మళ్ల చదువుతున్నవని నా పానం ఎంత నిమ్మళమైందో! కండ్లు మూసుకోని ప్రార్థన చేసుకున్న. తెరిచేసరికి నువ్వు లేవు."

నేను ఆమె ఎదురుగా కూర్చోలేదు. గుమ్మం దాటి వసారాలోకి అడుగే పెట్టలేదు.

ఆ సాయంత్రం పుస్తకం తీసి చూశాను. గుర్తుకు పెట్టుకునే రిబ్బన్ మేము ఆపేసిన కీర్తనల దగ్గరే ఉంది. ఆ ప్రవక్త భాగం ఎక్కడో వెనక ఉంది. చదివి చూస్తే, నేను గుమ్మంలో విన్న మాటలే, అదే వరసలో ఉన్నాయి. ఆ భాగం మా ఇంట్లో ఎప్పుడూ చదవలేదు. చర్చిలో ప్రసంగంలో విని ఉంటుందని సర్దిచెప్పుకోవచ్చు. కానీ విన్న కథను సొంత మాటల్లో చెబుతారు గానీ, పేజీన్నర పొల్లుపోకుండా అప్పజెప్పరు.

నాలుగు రోజులాగి పుస్తకం ఆమె చేతిలో పెట్టి చదవమన్నాను. తలకిందులుగా పట్టుకుంది. "గీ వయసుల నన్ను ఆట పట్టిస్తవా" అని నవ్వింది.

ఒత్తిడిలో నేనే చదివి మరిచిపోయానేమో అని కూడా ఆలోచించాను. అలాంటి కేసులు ఉంటాయని విన్నాను. అదే నిజమైతే ఆమె వీపు, ఆమె గొంతు, ఆ జరిగే వేలు నాకు ఇంత స్పష్టంగా ఎలా గుర్తున్నాయి?

బదిలీ కోరలేదు. ఆ ఊరికి నెలనెలా వెళ్తూనే ఉన్నాను. అందరూ మారిపోయారని చెప్పను. కొన్ని ఇళ్లలో ఇప్పటికీ తలుపు తియ్యరు.

అత్తమ్మతో ఈ విషయం మళ్లీ ఎత్తలేదు. ఆమె అబద్ధమాడే మనిషి కాదు. నేను విన్నదీ అబద్ధం కాదు. ఆ పొద్దున మా వసారాలో ఇద్దరం విన్నాం. చదివింది మాత్రం మా ఇద్దరిలో ఎవరూ కాదు.