పోలవరం ఇసుకలో పరాయి గ్రహం

తణుకులో నాది పెళ్ళి వీడియోల షాపు. డిజిటల్ కెమెరాలు మా జిల్లాలోకి అప్పుడప్పుడే వస్తున్నాయి. నా స్నేహితుడు సూర్యం ట్యుటోరియల్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు. అంతరిక్షం మీద సినిమా తీసి తీరాలని వాడి పట్టుదల. రాకెట్ లోపలి సీన్లన్నీ మా షాపు వెనక గదిలో, రిపేరుకొచ్చిన టీవీల మధ్య తీసేశాం. ఇక క్లైమాక్స్ మిగిలింది. రాకెట్ కూలి, వేరే గ్రహం మీద ఒంటరిగా చిక్కుకున్న స్త్రీ ఆక్సిజన్ అయిపోయి చనిపోవాలి. ఎండాకాలం పోలవరం దగ్గర గోదావరి మధ్యలో పెద్ద ఇసుకమేటలు తేలతాయి. కెమెరా సరైన వైపు పెడితే చెట్టూ చేమా కనపడవు. అందుకే ఆ ప్రయాణం.

తెల్లవారుజామున తణుకులో ప్యాసింజరు ఎక్కాం. సూర్యం, నేను, మా కథానాయిక రాజ్యం గారు. ఆవిడకి యాభై దాటాయి. పౌరాణిక నాటకాల్లో రాణి వేషాలు కట్టిన మనిషి. నాటకాలు ఆగిపోయాక పిలిచినవాళ్ళు లేరు. సూర్యం కథ చెప్తే, "పద్యాలు లేవా? పోనీలెండి, వేషం ఉందిగా" అని ఒప్పుకున్నారు.

నిడదవోలులో రైలు మారి కొవ్వూరులో దిగాం. స్టేషన్ బయట ఇడ్లీ తిని పోలవరం బస్సు ఎక్కాం. వెళ్ళేవాళ్ళు ఇక్కడే మంచినీళ్ళు నింపుకోవడం మంచిది. మేటల మీద నీడ ఉండదు. వెండిరంగు కొట్టిన హెల్మెట్ రాజ్యం గారి ఒళ్ళో ఉంది. పక్క సీటాయన చాలాసేపు దాన్నే చూసి, ఇక ఉండబట్టలేక అడిగాడు.

"తేనెపట్టు కొట్టడానికాండీ?"

"కాదండి. వేరే గ్రహానికి వెళ్తున్నాను."

"పోలవరం బస్సులోనా?" అన్నాడాయన. బస్సంతా నవ్వింది. ఆవిడ కూడా నవ్వారు కానీ హెల్మెట్ మాత్రం సంచిలో దాచలేదు.

రేవులో పడవ మాట్లాడుకుని మేటకి చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. రెయిన్ కోటుకి వెండిరంగు పూసి కుట్టించిన అంతరిక్షపు డ్రెస్సు వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని, ఆవిడ ఇసుకలో నడిచారు. దూరం నుంచి, వెనక నుంచి తీశాను. డిజిటల్ కెమెరా భీమవరం మిత్రుడిది, అడిగి తెచ్చుకున్నాం. మర్నాడు అతనికి పెళ్ళి బుకింగు ఉంది కాబట్టి, ఏం తీసినా ఆ రోజే తీయాలి.

డ్రెస్సులో చెమటకి ఆవిడ తడిసిపోయారు. కాసేపు కూర్చోబెట్టి హెల్మెట్ తీసి ఇసుక మీద పెట్టాం. అంతలో ఎగువ నుంచి ఒక్కసారిగా గాలి లేచింది. హెల్మెట్ దొర్లుకుంటూ వెళ్ళి నీళ్ళలో పడింది. సూర్యం పరుగెత్తి నడుంలోతుకి దిగాడు.

"ఆయ్, వద్దు బాబూ! అక్కడ సుడి ఉందండి!" పడవాయన కేక వేశాడు.

నేను చొక్కా పట్టుకుని వాణ్ణి వెనక్కి లాగాను. హెల్మెట్ బుడగలు వదిలి మునిగిపోయింది. సూర్యం తడిబట్టలతోనే ఇసుకలో కూలబడ్డాడు. "ఎనిమిది నెలలుగా తీస్తున్నాంరా. ఇంతటితో అయిపోయింది" అన్నాడు. వాడి గొంతు అలా వినడం నాకు అదే మొదలు.

రాజ్యం గారు లేచి మొహం తుడుచుకున్నారు. "బాబూ, హెల్మెట్ ఉంటేనే కదా ఆవిడ ఆక్సిజన్ అయిపోయి చావాలి? తీసేస్తే?"

"తీస్తే వెంటనే చచ్చిపోతుందండీ. అక్కడ గాలి లేదు."

"లేదని ఆవిడకెవరు చెప్పారు? తీసి చూసిందా?"

గ్రహానికి గాలి ఉండకూడదని కథలో ఎక్కడా లేదు. సూర్యం అనుకున్నాడంతే.

"ఎలాగూ చావే అనుకుని తీస్తుంది. నేను చేస్తాను, మీరు కెమెరా పట్టండి" అన్నారావిడ.

బ్యాటరీ చివరికొచ్చింది. రెండోసారి తీసే వీల్లేదు. ముందు, అప్పుడే హెల్మెట్ తీసేసినట్టు ఆవిడ ఖాళీ చేతులు తల మీంచి మెల్లగా కిందికి దిగడం తీశాను. తర్వాత మొహం. కళ్ళు గట్టిగా మూసుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. మెడ నరాలు ఉబ్బాయి. ఇక పట్టలేక నోరు తెరిచారు. గాలి లోపలికి వెళ్ళింది. ఒక్క క్షణం నమ్మలేనట్టు ఆగి, మళ్ళీ పీల్చారు. కళ్ళు తెరిచి చుట్టూ చూశారు. అంత ఇసుకలో ఒంటరిగా ఉన్నానన్న భయమూ, బతికున్నానన్న సంతోషమూ ఆ మొహంలో ఒకేసారి కనపడ్డాయి. బ్యాటరీ అయిపోయేదాకా తీస్తూనే ఉన్నాను.

కెమెరా ఆగిపోయాక పడవాయన మెల్లగా అడిగాడు. "ఎవరైనా కనపడ్డారాండి అమ్మగారికి?"

మధ్యాహ్నం పోలవరంలో భోజనం చేసి బస్సెక్కాం. పప్పు, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు. రాజ్యం గారు రెండుసార్లు వడ్డించుకున్నారు. కొవ్వూరులో సాయంత్రం రైలు దొరికింది. సీట్లు లేక తలుపు దగ్గరే కూర్చున్నాం. పచ్చని చేలు వెనక్కి పోతున్నాయి.

"చచ్చిపోతే సినిమా ఇవాళ్టితో అయిపోయేది. ఇప్పుడావిడ బతికింది. తర్వాత ఏం చేస్తుందండీ?" అని అడిగాడు సూర్యం.

"నీళ్ళు వెతుక్కుంటుంది, నీడ వెతుక్కుంటుంది. ఏం చేస్తుందేంటి, బతికినవాళ్ళు చేసేదే" అన్నారు రాజ్యం గారు.

ఒక చావు తీయడానికి పొద్దున్నే బయల్దేరాం. బతికిన మనిషితో ఇంటికొస్తున్నాం. ఆ పెళ్ళి బుకింగు అయిన మర్నాడే భీమవరం మిత్రుణ్ణి కెమెరా మళ్ళీ అడగాలని రైల్లోనే నిర్ణయించుకున్నాను.